నల్ల తెర మీద తాత పేరు

మొన్నొక మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం తిని, అరుగు మీద నడుం వాల్చి ఫోను గోకుతూ ఉంటే అది నన్నొక ప్రశ్న అడిగింది. నన్ను ప్రశ్న అడిగి జవాబు రాబట్టినవాళ్లు లోకంలో తక్కువ. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు ఏడాది పొడుగునా అడిగారు. ఆఖరికి నా మార్కులు నా చెప్పుల సైజు కంటే తక్కువని తేల్చుకుని, బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. అంత మంచి మనిషిని ఒంటరిగా పంపడం మర్యాద కాదని ఆయనతోపాటు నేనూ బడి గడప దాటాను. ఆయన ఇంకో బడికి వెళ్లారు, నేను వెళ్లలేదు, అంతే తేడా. ఇప్పుడీ ఫోను అడిగిందేమిటంటే, మీ దగ్గర ఒకే పేరుతో నాలుగు నంబర్లు ఉన్నాయి, కలిపి ఒకటి చేసేయమంటారా అని. కింద అవును, కాదు అని రెండు బొత్తాలు. అవును మీదికి వెళ్లబోయిన బొటనవేలు గాలిలోనే ఆగిపోయింది. ఎండ, కొబ్బరాకుల నీడ, దూరంగా సముద్రం చప్పుడు. ఆ వేలు అలా ఆగి ఉండగానే నేను పదేళ్ల పైచిలుకు వెనక్కి జారిపోయాను.

ఆ పేరు ఇక్కడ రాయను. రాయకూడదని కాదు. కళింగపట్నం ఒడ్డున నిలబడి ఎవరైనా దాన్ని గట్టిగా చదివితే ఆ పేరుగలవాళ్లంతా పని మానుకుని ‘ఓయ్’ అంటారు, వాళ్ల పని చెడగొట్టడం నాకిష్టం లేదు. అది మా మేనత్త మామగారి పేరు. మా అత్త ఆ ఇంటికి కోడలుగా రాకముందే, ఆయన ఒక తెల్లవారుజామున తెప్ప వేసుకుని వెళ్లి తిరిగి రాలేదు. వంశధార సముద్రంలో కలిసే చోట తెప్ప దుంగలు రెండు దొరికాయి, మనిషి దొరకలేదు. ఆయనకి నలుగురు కొడుకులు. నలుగురూ, ఒకరితో ఒకరు అనుకోకుండానే, తమ పెద్దకొడుకులకి తండ్రి పేరే పెట్టుకున్నారు. ఇంటిపేరు ఒకటే, పేరూ ఒకటే. కాగితం మీద ఆ నలుగురూ ఒకే మనిషి. అయితే కోడళ్లు మామగారి పేరు నోటితో అనరు కదా. అందుకని ఆ పిల్లలు ఊయల్లో ఉండగానే పెద్దోడు, నడిపోడు, సన్నోడు, నల్లోడు అయిపోయారు. నల్లోడు మా మేనత్త కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. మిగతా ముగ్గురూ వరసకి బావలే గానీ, నేను ఒట్టినే బావ అంటే మాత్రం నల్లోడే.

బడి నన్ను వదిలాక సముద్రమైనా పట్టుకుంటుందని మావాళ్లు ఆశపడ్డారు. పడవెక్కిన మొదటి రోజే కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించాను. రెండో రోజూ అంతే. మూడో రోజు బావ నన్ను ఒడ్డున దించేసి, ‘నువ్వు మేత ఏస్తన్నావు గాని సేపలు పట్టట్లేదురా’ అన్నాడు. ఏడు తరాల జాలరి వంశంలో కెరటం చూస్తే కళ్లు తిరిగే మొదటివాణ్ణి నేనే. శ్రీకాకుళంలో ఒక జిరాక్సు కొట్టులో చేరి నాలుగేళ్లు కాగితాలు తిప్పాను, కీబోర్డు మీద వేళ్లు ఆడించడం నేర్చుకున్నాను. అదే నన్ను తిరిగి ఒడ్డుకి చేర్చింది.

మా ఊళ్లో ఒక సేవా సంస్థ వాళ్లు, ఒకప్పుడు చేపల పెట్టెలు పెట్టుకునే గదికి సున్నం వేయించి అందులో ఒక కంప్యూటరు పెట్టారు. రేపు గాలి ఎంత, అలలు ఎంత ఎత్తు, వేటకి వెళ్లొచ్చా కూడదా అన్న కబురు సాయంత్రానికి వస్తుంది. దాన్ని ఊళ్లో వాళ్ల ఫోన్లకి మెసేజ్‌గా పంపాలి. అందరివీ బొత్తాల ఫోన్లే అప్పుడు. గదిని నడిపేది ఒక అక్క. సొంత అక్క కాదు, గజపతినగరం వైపు రైతుల ఇంటి పిల్ల, ఎచ్చెర్లలో కంప్యూటరు చదువు చదువుకుంది. వచ్చిన మొదటి వారం ఎండుచేపల వాసనకి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. రెండో వారం చున్నీ తీసేసింది. మూడో వారం నెత్తళ్ల చేపలు ఎలా వేపుతారని కిటికీలోంచి మా అత్తని అడిగింది. ఇక వెళ్లదు, మనిషి మనదైపోయిందని అప్పుడే అనుకున్నాను.

కంప్యూటరు మాత్రం ముసలిది. రంగు రంగుల బొమ్మలు పెడితే మోయలేక మూలిగేది. అక్క ఆ బొమ్మలన్నీ తీసేసి, లినక్స్ అనేది ఎక్కించి, ఒట్టి నల్ల తెర ఉంచింది. తెర మీద ఒక తెల్ల చుక్క మినుకుమినుకుమంటూ ఉంటుంది, అంతే. మౌసు లేదు, బొమ్మ లేదు. ఏం కావాలో మాటల్లో అడగాలి. సరిగ్గా అడిగితే ఇస్తుంది, తప్పు అడిగితే తప్పే ఇస్తుంది, ఒక్కోసారి ఏమీ అనకుండా పని చేసేసి ఊరుకుంటుంది. మా నాన్న లాగే. నాకు మొదటి రోజే నచ్చేసింది.

నా పని పేర్లూ నంబర్లూ ఒక పట్టీలోకి ఎక్కించడం, మనిషికొక గీత చొప్పున. పేర్లు రేషను కార్డు చూసి ఒకే తీరుగా కొట్టాను. నంబర్ల దగ్గరే వచ్చింది తంటా. ఒకరు ముందు సున్నా పెట్టి చెప్పారు, ఒకరు తొంభై ఒకటి తగిలించారు, ఒకరు మధ్యలో గాలి పీల్చుకున్నంత ఖాళీలు వదిలారు. ఒక మావ తొమ్మిది అంకెలే ఇచ్చి పదోది రేపు గుర్తు చేసుకుని చెప్తానన్నాడు. ఇప్పటికీ చెప్పలేదు. పది అంకెలు లేని గీత కనబడితే మెసేజ్ పంపే సైటు పట్టీ మొత్తాన్నీ వెనక్కి తోసేసేది. ఆరువందల పైచిలుకు గీతలు, చేత్తో సరిచేస్తే పండగ దాటిపోతుంది. అప్పుడు అక్క కిటికీ బయటికి చూపించి, పాఠం అక్కడుందంది.

బయట ఎండుచేపల కళ్లంలో ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. మొదటామె గంపలోంచి చెత్తా నాచూ ఏరేస్తుంది. రెండో ఆమె కవ్వళ్ల చేపలొక పక్క, నెత్తళ్లొక పక్క వేరు చేస్తుంది. మూడో ఆమె తల గిల్లుతుంది, నాలుగో ఆమె ఉప్పు పడుతుంది, చివర మా అత్త ఇసక మీద పరిచిన వల మీద ఆరబెడుతుంది. ఎవరి పని చిన్నదే, కానీ ఒకరి చేతిలోది ఇంకొకరి చేతిలోకి ఆగకుండా వెళ్తుంది. నల్ల తెర కూడా అంతేనట. గ్రెప్ అంటే కావలసిన గీతలు ఏరేది. సెడ్ అంటే గీతలో ఒక ముక్క తీసి ఇంకోటి పెట్టేది, లేదా ఊరికే తీసేసేది. సార్ట్ అంటే వరస పెట్టేది. యూనిక్ అంటే పక్కపక్కనే రెండు ఒకేలా ఉంటే ఒకటి వదిలేసేది. దానికి మెడ తిప్పడం రాదు, పక్కదాన్నే చూస్తుంది, అందుకే ముందు వరస పెట్టాలి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఒక నిలువు గీత గీస్తే చాలు, గంప చేతులు మారినట్టే. ఆ రోజు మధ్యాహ్నం ఖాళీలు తీసే సెడ్ ఒకటి, ముందు సున్నా తీసేది ఒకటి, తొంభై ఒకటి తీసేది ఒకటి, వరసగా కూర్చోబెట్టాను. మీట నొక్కేసరికి ఆరువందల నంబర్లూ స్నానం చేసి తల దువ్వుకున్న బడి పిల్లల్లా తెర మీద నిలబడ్డాయి. పది అంకెలు లేనివాటిని గ్రెప్‌తో ఏరమంటే పదకొండే దొరికాయి, అందులో ఒకటి మా మావది.

ఇప్పుడు తలుచుకుంటే ఆ మధ్యాహ్నాలన్నీ కలిసి ఒకే మధ్యాహ్నంలా అనిపిస్తాయి. పైన ఫ్యాను కిరకిరమంటుంది. కిటికీలోంచి ఉప్పుగాలి. కళ్లంలో ఎవరో సన్నగా పాడుతుంటారు, పాట సగంలో ఆగి నవ్వవుతుంది. తెర మీద పేర్లు కింద నుంచి పైకి నెమ్మదిగా తేలుతూ పోతాయి, నేను కళ్లు సగం మూసుకుని ఊరంతా నా ముందు నుంచి నడిచి వెళ్తున్నట్టు చూస్తుంటాను. చదువు అంటే ఇలా ఉంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ మాస్టారు వెంట వేరే బడికి కూడా వెళ్లేవాణ్ణేమో.

ఒక రోజు మాత్రం పట్టీని వరస పెట్టి, వచ్చిందాన్ని అదే పట్టీలోకి పోయమన్నాను. కుదురుగా ఉంటుంది కదా అని. తీరా చూస్తే పట్టీలో ఒక్క గీత లేదు, ఊరు ఊరంతా మాయం. పోసే గిన్నెని ముందే కడిగి బోర్లించేయడం దాని అలవాటట, అందులో ఉన్నదే మనకి కావాలన్న సంగతి దానికి అనవసరం. నాకు మళ్లీ పడవెక్కినట్టు కళ్లు తిరిగాయి. అక్క నవ్వి, తను దాచిన నకలు తీసి ఇచ్చింది. ఏ పట్టీ ముట్టుకున్నా ముందు దాని నకలు తీసి, పేరు చివర ‘పాత’ అని పెట్టమంది. ఆ ఒక్క అలవాటు నేర్పినందుకు నేను ఆమెకి ఎంత రుణపడి ఉన్నానో ఆ రోజు తెలియలేదు.

బావకి మొదట్లో ఈ మెసేజ్‌లంటే నమ్మకం లేదు. సాయంత్రం ఒడ్డుకొచ్చి, కళ్ల మీద చెయ్యి పెట్టుకుని, ఆకాశం అంచునీ నీటి రంగునీ చూసి వెళ్లేవాడు. వాళ్ల నాన్న అలాగే చూసేవాడు. నాకేమో ఆటపట్టించడానికి మనిషి కావాలి.

‘ఆకాశంలో ఏటి రాసున్నాది బావా? సదువు రానిది నాకొక్కడికే అనుకున్నాను.’

‘అది సదవడానికి బడికెల్లక్కర్లేదురా. నీలాటోడికీ వస్తాది, కడుపులో కుదురుంటే.’

నేను వదల్లేదు. రోజూ తగులుకున్నాను. మెసేజ్ సరిగ్గా చెప్పిన రోజున ఊరంతా వినేలా చాటాను. ఆకాశం చూసేవాళ్లని జాతకాలు చూసేవాళ్లన్నాను. నాలుగు నెలలకి బావ లొంగాడు. ఫోనుని ప్లాస్టిక్ కవర్లో చుట్టి మెడలో తాడుకి కట్టుకున్నాడు. సాయంత్రం ఒడ్డుకి రావడం మానేశాడు. వెళ్లొద్దని మెసేజ్ వస్తే ఆగుతాడు, రాకపోతే వెళ్తాడు. గెలిచానని నేను కళ్లంలో తిరుగుతూ చెప్పుకున్నాను.

ఆ ఏడాది కోతల రోజుల్లో అక్క ఊరెళ్లింది. నెలకి ఇన్ని మెసేజ్‌లే అని సంస్థవాళ్లు హద్దు పెట్టారు, పట్టీ అయిదువందల లోపుకి దిగాలి. ఒకే నంబరు రెండుసార్లు ఉంటే ఒకటి తీసెయ్యి తమ్ముడూ, మిగతావి నేనొచ్చాక కూర్చుని చూద్దాం అని చెప్పి వెళ్లింది. అలా తీస్తే డజను గీతలు తగ్గాయి, అంతే. నాకు ఆగడం చేతకాదు. కొత్త సిమ్ము కొన్నప్పుడల్లా నంబరు మార్చేవాళ్లు ఊళ్లో బోలెడుమంది, మా పెదనాన్న ఒక్కడే మూడు నంబర్లతో మూడుసార్లు ఉన్నాడు. అంటే పేరు చూసి తీయాలన్నమాట. సార్ట్‌కి ఒక చిన్న తోక తగిలిస్తే నంబరు వదిలేసి పేరు ఒక్కటే చూస్తుంది, అదే పేరు మళ్లీ వస్తే పారేస్తుంది. అక్క చెప్పకుండానే నా అంతట నేను కనిపెట్టాను ఆ తోకని. మీట నొక్కాను. ఆరువందల పన్నెండు కాస్తా నాలుగువందల ముప్ఫై ఒకటి అయింది. లేచి గదిలో రెండు చిందులేశాను కూడా. పుట్టిన దగ్గర్నుంచి ఆ నలుగురి మధ్యా పెరిగినవాణ్ణి, వాళ్ల పేర్ల మీద జోకులేసినవాణ్ణి, ఆ తెర ముందు కూర్చుంటే ఒక్కడూ గుర్తు రాలేదు. గీతలే కనబడ్డాయి.

మర్నాడు సాయంత్రం కబురొచ్చింది. గాలి పెరుగుతుంది, రెండు రోజులు వేటకి వెళ్లొద్దు. కొత్త పట్టీ ఎక్కించి పంపాను. సైటు ఒక్క గీతని కూడా వెనక్కి తోయలేదు. హాయిగా ఇంటికెళ్లి పడుకున్నాను.

పొద్దున్న ఎనిమిదింటికి గది తాళం తీస్తుంటే మా అత్త వచ్చింది. ఎప్పుడూ కిటికీ దగ్గరే ఆగే మనిషి, గుమ్మంలోకి వచ్చింది. చేతులకి ఉప్పు లేదు. పడవలన్నీ ఇసక మీదున్నాయిరా, మా ఇంటిది లేదంది. చీకటుండగానే బావా ఇంకో ఇద్దరూ వెళ్లిపోయారట. వెళ్లే ముందు ఫోను చూసుకున్నాడట, ఏమీ లేదు కాబట్టి సముద్రం బాగున్నట్టేనన్నాడట. మెసేజ్ అందరికీ వెళ్లిందని నేను గట్టిగానే అన్నాను. ‘సూసి సెప్పు’ అంది.

కూర్చుని గ్రెప్‌కి ఆ పేరు ఇచ్చాను. ఒక్క గీత వచ్చింది. ఆ నంబరు పెద్దోడిది. పెద్దోడు కిటికీ ఎదురుగా పాకలో టీ తాగుతున్నాడు. ‘పాత’ అని చివరున్న నకలు తీసి అదే పేరు ఇచ్చాను. నాలుగు గీతలు వచ్చాయి, ఒకదాని కింద ఒకటి, ఒకే పేరు నాలుగుసార్లు. అత్తకి చదువు రాదు. కానీ ఒకేలా ఉన్న నాలుగు వరసలు కనబడ్డాయి. ఏం జరిగిందో నేను చెప్పనక్కర లేకపోయింది.

పాత పట్టీనీ కొత్త పట్టీనీ పక్కపక్కన పెట్టి, అందులో ఉండి ఇందులో లేనివి చూపించమన్నాను. నూట ఎనభై ఒక్క గీతలు నెమ్మదిగా పైకి తేలాయి. అందులో పాత సిమ్ములెన్నో, బతికున్న మనుషులెందరో నాకు తెలియదు. తెలుసుకునే వ్యవధీ లేదు. అందరికీ పంపాను. బావ నంబరుకి మొత్తం నాలుగుసార్లు పంపాను. నెల హద్దు ఆ పూటతో సరి. ఫోను చేస్తే అందుబాటులో లేదని ఒక ఆడగొంతు చాలా మర్యాదగా చెప్పింది.

ఒడ్డుకి వెళ్లాం. గాలి అప్పటికే ఇసకని లేపుతోంది. నీళ్లు బురద రంగులోకి తిరిగాయి. సంగతి తెలిసి నడిపోడూ సన్నోడూ వచ్చారు. వాళ్లకీ మెసేజ్ రాలేదు, ఒకడి వల చిరిగి, ఒకడికి జ్వరమొచ్చి బతికిపోయారు. పెద్దోడు టీ గ్లాసుతోనే వచ్చాడు. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు, సముద్రం ముందు గడియారం పనిచేయదు. ఉన్నట్టుండి అత్త నాలుగడుగులు నీళ్లలోకి వెళ్లి, జన్మలో ఎప్పుడూ నోటితో అనని ఆ పేరు పిలిచింది. మామగారి పేరు, కొడుకు పేరు. ఒక్కసారే, గొంతు చివరికంటా. అలవాటు కొద్దీ వెనక నుంచి ముగ్గురూ ఒకేసారి ‘ఓయ్’ అన్నారు. అత్త వెనక్కి తిరిగి ఆ ముగ్గురినీ చూసింది. ఏడుపొస్తుందనుకున్నాను, నవ్వొచ్చింది ఆమెకి, వెంటనే ఏడుపు వచ్చింది. ఆ తర్వాత నా వైపు చూసి, కోపం లేకుండా, చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు చెప్పింది.

‘పేరొకటే గాని నాయినా, ఎదురు సూసీ గుమ్మాలు నాలుగు కదేటి.’

బావ పడవ మధ్యాహ్నం దాటాక కనబడింది. ముందు ఒక మచ్చ, తర్వాత అలల మీద లేస్తూ పడుతూ ఒక గీత, తర్వాత ముగ్గురు మనుషులు. పదిమంది తాడు పట్టి ఇసక మీదికి లాగాం, నేను కూడా లాగాను, కళ్లు తిరగలేదు. వల పోయింది. మనుషులు పోలేదు. ఎలా తెలిసింది బావా అంటే, ఫోను చెప్పింది మాత్రం కాదట. పొద్దెక్కుతుండగా నీటి రంగు వాళ్ల నాన్న చూపించిన రంగులోకి మారిందట, ఉత్తరాన ఆకాశం అంచు చెదిరిందట, వెంటనే తిప్పేశాడు. తీరం కనబడే దూరానికొచ్చాక మెడలో ఫోను నాలుగుసార్లు కుయ్యిమంది. నాలుగూ ఒకటే మాట. వెళ్లొద్దు, వెళ్లొద్దు, వెళ్లొద్దు, వెళ్లొద్దు. బావ వాటిని పైకి చదివి, తల తుడుచుకుని, ‘వొచ్చీసినాను కదరా’ అన్నాడు.

అక్క వచ్చాక అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, పట్టీలో ఇంకో గడి చేర్చమంది. ఇంట్లో ఏమని పిలుస్తారో ఆ గడిలో రాయాలి. పేరూ, ఇంటి పిలుపూ, నంబరూ మూడూ కలిస్తేనే ఒక మనిషి. పది రోజులు ఇల్లిల్లూ తిరిగాను. నల్లోడు, పొట్టోడు, అప్ప కొడుకు, వానలో పుట్టినోడు, మాటాడనోడు. ఊరి అసలు పేర్లన్నీ మొదటిసారి నల్ల తెరకెక్కాయి. పాత సిమ్ములు వాటంతటవే బయటపడ్డాయి, పట్టీ అయిదువందల లోపుకి దిగింది, ఒక్క మనిషి కూడా జారిపోలేదు. నా పేరుకి ఎదురుగా నా పిలుపు కూడా రాసుకోమని అత్త కిటికీలోంచి చెప్పింది. నా ఇంటి పిలుపు ‘మేతగాడు’ అని అప్పుడే తెలిసింది. బావ మళ్లీ సాయంత్రాలు ఒడ్డుకొచ్చి ఆకాశం చూడడం మొదలుపెట్టాడు, మెడలో ఫోనూ ఉంచుకున్నాడు. నేను ఆటపట్టించలేదు. పక్కన నిలబడి నీటి రంగు నేర్చుకోడానికి ప్రయత్నించాను, నాకది కూడా రాలేదు.

ఆ గది ఇప్పుడు మళ్లీ చేపల పెట్టెల గది. అక్క విజయనగరంలో పిల్లలకి పాఠాలు చెబుతోంది. నల్ల తెర ఏ తుక్కుకొట్టుకి పోయిందో తెలియదు. మెసేజ్‌ల బదులు ఇప్పుడు ఫోన్లోనే గాలీ అలల మ్యాపులు కదులుతాయి. నలుగురిలో పెద్దోడు రెండేళ్ల కిందట జబ్బు చేసి పోయాడు. అతని నంబరు నేను తీయలేదు, తీసే ఆజ్ఞ నాకు తెలిసినా. పోయిన నెల పెద్దోడి కొడుక్కి కొడుకు పుట్టాడు. ఏం పేరు పెట్టారో నేను చెప్పక్కర్లేదు.

ఫోను ఇంకా అడుగుతూనే ఉంది. కాదు అన్న బొత్తాం నొక్కి, బావకి ఫోన్ చేశాను. నోరు ఊరుకోదు కదా, మీ నలుగురినీ కలిపి ఒకటి చేసేయమంటారా అని ఫోను అడుగుతోంది బావా, ఏం చెప్పమంటావు అన్నాను. అవతల కెరటాల చప్పుడు వినబడింది. వల బాగుచేసుకుంటున్నాడేమో, దారం పళ్లతో తెంపిన చప్పుడు కూడా వినబడింది.

‘కలపడం కాలం సూసుకుంటాదిరా బామ్మర్ది. నువ్వు అయిదోడికి సోటుంచు.’